బకింగ్‌హామ్ ప్యాలెస్ ఒక్కటే చూసి వచ్చేయకండి

లండన్‌లో కాపురం పెట్టి తొమ్మిదేళ్ళు. మనవాళ్ళు ఎవరొచ్చినా ముందు అడిగేది రాజుగారి కోట గురించే. అలా పార్లమెంటు దగ్గర మొదలుపెట్టి ప్రభుత్వ ఆఫీసులుండే వైట్‌హాల్ వీధి, సెయింట్ జేమ్సెస్ పార్కు మీదుగా బకింగ్‌హామ్ ప్యాలెస్ దాకా ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు.

ప్యాలెస్ ముందు కాపలా మార్పు సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో పదకొండింటికి ఉంటుంది. మొదటిసారి మా అత్తయ్యను తొమ్మిదిన్నరకే తీసుకెళ్ళాను. నిలబడీ నిలబడీ ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి. తీరా చూస్తే కనిపించింది ముందువాళ్ళు ఎత్తిపట్టుకున్న ఫోన్లే. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు పెద్దవాళ్ళను వైట్‌హాల్‌లో గుర్రపు సైనికులు కాపలా కాసే హార్స్ గార్డ్స్ భవనం దగ్గరికే తీసుకెళ్తున్నాను. అక్కడ గుర్రం మీది సైనికుణ్ణి బాగా దగ్గర నుంచి చూడొచ్చు. గుర్రాలు తన్నొచ్చు, కరవొచ్చు అని బోర్డు కూడా ఉంటుంది, పిల్లలు జాగ్రత్త. ప్యాలెస్‌లో 775 గదులున్నాయి గానీ వేసవిలో టికెట్ కొన్నవాళ్ళకు చూపించేది కొన్నే.

పార్లమెంటు మాత్రం వదలొద్దు. సభ జరిగే రోజుల్లో గ్యాలరీలో కూర్చుని చర్చ వినడానికి పైసా ఖర్చు లేదు. ఎయిర్‌పోర్టులో లాంటి తనిఖీ దాటగానే వెస్ట్‌మినిస్టర్ హాల్ వస్తుంది. 1097 నాటిది. 1834లో చుట్టూ ఉన్న భవనాలు చాలావరకు తగలబడిపోయినా ఇది నిలిచింది. అంత వెడల్పు హాలుకు మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఓక్ దూలాల కొసలకు చెక్కిన దేవదూతలను చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోవచ్చు.

పార్కులో నీలం వంతెన మీద ఆగితే ఒక పక్క ప్యాలెస్, మరో పక్క వైట్‌హాల్ గోపురాలు. 1664లో రష్యా రాయబారి పెలికన్‌లను (గూడబాతులను) కానుకగా ఇచ్చినప్పటి నుంచి ఈ చెరువులో అవి ఉంటున్నాయి. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో చేపలు వేస్తారు. ముక్కు కింద సంచి సాగి, చేప లోపల కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు పార్కు అంచునే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి నేలమాళిగ, ఇప్పుడు మ్యూజియం అయిన చర్చిల్ వార్ రూమ్స్ పక్క మెట్ల పైన, ఈస్టిండియా కంపెనీ సేనాని రాబర్ట్ క్లైవ్ విగ్రహం ఉంది. దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. మాది బందరు. నాన్న వచ్చినప్పుడు కళ్ళజోడు సవరించుకుని పీఠం మీది కంచు పలకలను ఒక్కొక్కటే చూశారు. ఒకటి ఆర్కాటు ముట్టడి, ఒకటి ప్లాసీ యుద్ధానికి ముందురాత్రి, ఇంకోటి 1765లో అలహాబాదులో మొఘల్ చక్రవర్తి నుంచి బెంగాల్ దివానీ, అంటే పన్నులు వసూలు చేసే హక్కు, పుచ్చుకోవడం. "మన సర్కారు జిల్లాలకు ఫర్మానా రాయించుకున్నదీ అప్పుడేరా" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ విగ్రహం వెనకే ఒకప్పటి ఇండియా ఆఫీసు ఉంది, ఇప్పుడు విదేశాంగ శాఖలో భాగం. 1947 దాకా మన దేశం పెత్తనం నడిచింది ఇక్కణ్ణుంచే. లోపలి పాలరాతి ఆవరణను దర్బార్ కోర్ట్ అంటారు. మామూలుగా మూసి ఉండే భవనాలను చూడనిచ్చే ఓపెన్ హౌస్ ఉత్సవం సెప్టెంబరులో జరుగుతుంది, ఆ రోజుల్లో జనాన్ని లోపలికి రానిస్తుంటారు. నాన్న మే నెలలో వచ్చారు, చూపించలేకపోయాను. మీవాళ్ళను పిలిపించుకునేటప్పుడు సెప్టెంబరు కలిసొచ్చేలా టికెట్లు తీయండి.