ఆరేళ్ల సాధన తర్వాత: నా ఎర్ర ఓక్ బో

ఉద్యోగం మీద జపాన్‌లోని ఒకినావా వచ్చిన రెండో నెలలోనే నహా నగరంలో ఒక దోజోలో (సాధనశాలలో) చేరాను. ఆరేళ్లుగా వారానికి రెండు సాయంత్రాలు కోబుదో, అంటే ఒకినావా సంప్రదాయ ఆయుధవిద్య, సాధన చేస్తున్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా నా బో గురించి. బో అంటే ఆరు షాకుల (షాకు జపాన్ పాత కొలత) కర్ర, సుమారు 182 సెంటీమీటర్లు. నాది ఆకగాషి, అంటే జపాన్ ఎర్ర ఓక్. నడుమ లావుగా, కొసలకు సన్నబడుతూ ఉంటుంది.

దీనికి ముందు ఆన్‌లైన్‌లో తళతళలాడే వార్నిష్ కర్ర ఒకటి కొన్నాను. కొనకుండా ఉండాల్సింది. ఇక్కడి జూన్ ఉక్కకి అరచేతులు చెమట పడితే వార్నిష్ జిగురులా పట్టేస్తుంది. బో చేతుల్లో సాఫీగా జారాలి. జారక బొటనవేలి మొదట్లో చర్మం లేచిపోయింది. పైగా గోడకు నిలబెట్టి ఉంచడంతో ఏడాది తిరక్కుండానే వంగింది. నేల మీద దొర్లిస్తే టకటకమని ఎగిరెగిరి పడేది.

ఇప్పటి కర్రకు పైపూత లేదు. నెలకోసారి సన్న గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో కొంచెం అవిసె నూనె పట్టిస్తాను. ఎప్పుడూ పడుకోబెట్టే ఉంచుతాను. పట్టుకునే చోట రంగు ముదిరి నున్నబడింది. జోడీ సాధనలో తగిలిన దెబ్బలకు కొసల్లో సొట్టలు పడ్డాయి, చీలిక మాత్రం లేదు. చీలిక కనబడిన కర్రను అదే రోజు పక్కన పెట్టేయాలి. విరిగితే ముక్క ఎదుటివాళ్ల ముఖం మీదికి పోతుంది.

చిన్నప్పుడు మా ఊళ్లో కర్రసాము చూసి పెరిగాను కాబట్టి మొదటి రోజు గిరగిరా తిప్పాను. సెన్సెయ్ (మా గురువుగారు) ఆపి, "వెనక చెయ్యి ఎక్కడుందో చూసుకో" అన్నారు. ఆ మాట ఒంటికి ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. షూషి నో కోన్ అనే బో కతా (వరుస కట్టిన కదలికల సాధన) వందలసార్లు చేశాక తెలిసింది: ముందు చెయ్యి దారి చూపిస్తుంది, బలమంతా వెనక చేతిది, నడుముది. అది కుదిరితే కర్ర కొస ఆగిన చోట వణకదు. అది మొదటిసారి కుదిరిన రోజు ఇంటికి నడుస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయ్ (మూడు మొనల ఇనుప ఆయుధం) కొనేవాళ్లు ముంజేతికి ఆనించి చూసుకోండి, కొస మోచేయి దాటి ఓ అంగుళం ఉండాలి. కోబుదో ఆయుధాలన్నీ రైతుల పనిముట్లే అంటారు గానీ, సాయ్ పూర్వం ఒకినావాలోని ర్యూక్యూ రాజ్యంలో కాపలా అధికారుల చేతుల్లో ఉండేది. ఎకు అనే ఇంకో ఆయుధం మాత్రం నిజంగా పడవ తెడ్డే. త్సుకెన్ ద్వీపం పేరున్న కతాలో తెడ్డుతో ఇసుక ఎగజిమ్మి ఎదుటివాడి కళ్లలో కొట్టే కదలిక ఉంది. దోజో నేల మీద అది నాకు అర్థమే కాలేదు, బీచ్‌లో చేశాకే అర్థమైంది. కోబుదో గురువు తైరా షింకెన్ (1897–1970) లాంటివాళ్లు ఇలాంటి కతాలను ఒక్కొక్కటిగా సేకరించబట్టే మా చేతికి అందాయి.

బో కొనేటప్పుడు షాపులోనే నేల మీద దొర్లించి చూడండి. ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని రెండో కొస దాకా చూడండి. చెక్క చారలు మధ్యలో పక్కకు పోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు సాగితేనే డబ్బులివ్వండి.