పగ్-సీఎల్‌ఐ: పాత టూలే, చిన్న సైట్లకు ఇప్పటికీ పనికొస్తుంది

ఐదారు పేజీల సైట్. అన్నిటికీ ఒకే హెడర్, ఒకే మెనూ, ఒకే ఫుటర్. హోస్టింగ్‌లో నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉండదు, ఫైళ్లు పెట్టుకోవడానికి ఒక ఫోల్డర్ ఇస్తారు, అంతే. ఇలాంటి పనికి పేజీలను పగ్‌లో (హెచ్‌టీఎంఎల్‌ను ఇండెంట్లతో క్లుప్తంగా రాసుకునే టెంప్లేట్ భాష) రాసుకుని, దాని కమాండ్‌లైన్ టూల్ పగ్-సీఎల్‌ఐతో హెచ్‌టీఎంఎల్‌గా మార్చి ఎక్కించెయ్యడం ఇప్పటికీ మంచి పద్ధతే. కాకపోతే ఈ టూల్ 2016లో వచ్చిన 1.0.0 ఆల్ఫా 6 దగ్గరే ఆగిపోయింది. ఏది ఎక్కడ తేడా కొడుతుందో తెలిసి వాడితేనే సుఖం.

ఇన్‌స్టాల్ దగ్గరే చాలామంది తడబడతారు. నోడ్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎంలో 'పగ్' అనే ప్యాకేజీ వేరు, 'పగ్-సీఎల్‌ఐ' వేరు. మొదటిది లైబ్రరీ మాత్రమే. దాన్ని గ్లోబల్‌గా వేసుకున్నా టెర్మినల్ 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది. కమాండ్ కావాలంటే రెండోది వేసుకోవాలి. అదీ గ్లోబల్‌గా వద్దు, ప్రాజెక్ట్ డెవ్ డిపెండెన్సీగా (ఆ ప్రాజెక్ట్ తయారీకి మాత్రమే వాడే ప్యాకేజీగా) వేసుకుని, ప్రాజెక్ట్‌లోని కమాండ్లను నడిపే ఎన్‌పీఎక్స్‌తో నడపండి. అప్పుడు టీమ్‌లో అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉంటుంది.

'పగ్ సోర్స్ --ఔట్ డిస్ట్' అని కొడితే సోర్స్ ఫోల్డర్‌లోని పగ్ ఫైళ్లన్నీ, లోపలి ఫోల్డర్లతో సహా, డిస్ట్‌లోకి హెచ్‌టీఎంఎల్‌గా వెళ్తాయి. --ఔట్ ఇవ్వకపోతే ప్రతి పగ్ ఫైల్ పక్కనే దాని హెచ్‌టీఎంఎల్ పడి సోర్స్ అంతా చెత్తయిపోతుంది. పేరు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైళ్లను విడిగా మార్చదు. కాబట్టి లేఔట్, హెడర్, ఫుటర్, మిక్సిన్ల (మళ్లీ మళ్లీ వాడుకునే ముక్కల) ఫైళ్లకు ముందు అండర్‌స్కోర్ పెట్టండి, లేకపోతే సగం సగం పేజీలు కూడా సైట్‌లోకి ఎక్కేస్తాయి. పగ్‌కు జేడ్ అనే పేరున్న రోజుల నాటి డాట్ జేడ్ ఫైళ్లనూ ఇది తీసుకుంటుంది.

షార్ట్ ఆప్షన్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూసుకోవాలి. పెద్ద పీ అంటే ప్రెట్టీ (హెచ్‌టీఎంఎల్‌ను లైన్లుగా, ఇండెంట్లతో చక్కగా రాయడం), చిన్న పీ అంటే ఇన్‌క్లూడ్లు (పేజీలోకి కలుపుకునే వేరే ఫైళ్లు) వెతకడానికి ఇచ్చే పాత్. ప్రెట్టీ అనుకుని చిన్న పీ కొడితే దాని వెనకున్న ఫైల్ పేరును పాత్‌గా మింగేస్తుంది. మార్చడానికి ఫైలేదీ మిగలదు కాబట్టి కీబోర్డ్ నుంచి టెంప్లేట్ వస్తుందని అలా కూర్చుని ఉంటుంది. టెర్మినల్ హ్యాంగయినట్టు కనిపిస్తుంది. పూర్తి పేర్లతో కొట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

స్లాష్‌తో మొదలయ్యే ఇన్‌క్లూడ్, ఎక్స్‌టెండ్స్ (పేజీ ఏ లేఔట్‌ను వాడాలో చెప్పేది) పాత్‌లు వాడితే, వాటికి మూల ఫోల్డర్ ఏదో చెప్పే --బేస్‌డిర్ తప్పనిసరి. ఆ సంగతి ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంటుంది. సింటాక్స్ తప్పయితే ఫైల్ పేరు, లైన్ నంబర్, చుట్టూ ఉన్న లైన్లు, తప్పున్న చోట బాణం గుర్తు, అన్నీ చూపిస్తుంది. ఎర్రర్ల విషయంలో నిజంగా మెచ్చుకోవాలి. ట్యాబ్‌లూ స్పేస్‌లూ కలిపి ఇండెంట్ చేస్తే మాత్రం అస్సలు ఒప్పుకోదు.

డేటా ఇచ్చే --ఆబ్జ్ ఆప్షన్ దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. జేసన్ ఫైల్ పాత్ ఇస్తే చదువుకుంటుంది. ఆ పాత్‌లో ఫైల్ దొరక్కపోతే ఆ మాట చెప్పదు. మీరిచ్చిన పేరునే జావాస్క్రిప్ట్ అనుకుని నడపబోయి 'డేటా ఈజ్ నాట్ డిఫైన్డ్' లాంటి ఎర్రర్ ఇస్తుంది. అది చూసి టెంప్లేట్‌లో తప్పు వెతక్కండి, ముందు పాత్ చూడండి. ఇంకొకటి, మీ డేటా, టూల్ సెట్టింగులు ఒకే ఆబ్జెక్ట్‌లోకి వెళ్తాయి. డేటాలో డాక్‌టైప్ అనో ప్రెట్టీ అనో కీ ఉంటే అది సెట్టింగైపోతుంది. మొత్తం డేటాను 'సైట్' అనే ఒక్క కీ కింద పెట్టేస్తే ఈ తగువు ఉండదు. అలా పెడితే, డేటా ఇవ్వడం మర్చిపోయినా అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది. విడి వేరియబుళ్లయితే విలువ లేకపోయినా ఖాళీ ట్యాగ్ పెట్టి ఊరుకుంటుంది.

--వాచ్ పెడితే ఫైల్ సేవ్ చెయ్యగానే మళ్లీ మారుస్తుంది. లేఔట్ మారిస్తే దాన్ని వాడే పేజీలూ మారతాయి. అయితే జేసన్ మారిస్తే కదలదు, కొత్తగా పెట్టిన ఫైల్‌ను గుర్తించదు. ఆపి మళ్లీ నడపాల్సిందే.

ఇక తెలుగు పేజీలు చేసేవాళ్లు చూసుకోవాల్సిన విషయం ఒకటుంది. పగ్ ట్యాగుల మధ్య ఖాళీ వదలదు. పేరాలో నిలువు గీత పెట్టి 'ఈ రోజు ధర' అని రాసి, కింది లైన్‌లో స్ట్రాంగ్ ట్యాగ్‌తో 120, మళ్లీ నిలువు గీతతో 'రూపాయలు' అని రాస్తే బ్రౌజర్‌లో 'ఈ రోజు ధర120రూపాయలు' అని అతుక్కుపోయి కనిపిస్తుంది. లైన్ చివర స్పేస్ కొట్టినా చాలా ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు దాన్ని తీసేస్తాయి. గట్టి మందు ఒకటుంది: పేరా అంతా ఒకే లైన్‌లో రాసి, స్ట్రాంగ్‌ను హ్యాష్, చదరపు బ్రాకెట్ల మధ్య ఇమడ్చడం. ప్రెట్టీ పెడితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి. అది ఖాళీలను అటూ ఇటూ మార్చేస్తుంది, పగ్ వాళ్లే దాన్ని వాడొద్దన్నారు.

విండోస్ పవర్‌షెల్ 5.1లో అవుట్‌పుట్‌ను బాణం గుర్తుతో ఫైల్‌లోకి మళ్లిస్తే అది యూటీఎఫ్-16లో పడుతుంది, తెలుగు అక్షరాలు చెడిపోతాయి. ఎప్పుడూ --ఔట్‌తోనే రాయించండి. హెడ్‌లో మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 ఎలాగూ ఉండాలి. కోట్స్‌లో నేరుగా జేసన్ ఇవ్వడం కూడా విండోస్‌లో తలనొప్పే, ఫైల్‌గా ఇవ్వండి.

పాత పాఠాలు చూసి రాసేవాళ్లకు లింకులు పనిచెయ్యకపోవడం మామూలు. ఆట్రిబ్యూట్ కోట్స్ లోపల హ్యాష్, మీసాల బ్రాకెట్లతో వేరియబుల్ పెట్టే పద్ధతి పగ్ 2లో తీసేశారు. ఎర్రర్ రాదు, ఆ గుర్తులు ఉన్నవున్నట్టుగా హెచ్ఆర్ఈఎఫ్‌లోకి వెళ్లిపోతాయి. ప్లస్‌తో కలపండి, లేదా బ్యాక్‌టిక్ స్ట్రింగ్ వాడండి.

బ్లాగుకు ఇది చాలదు. మార్క్‌డౌన్ ఫిల్టర్ పెట్టుకోవచ్చు గానీ ఫ్రంట్ మ్యాటర్ (ఫైల్ మొదట్లో రాసే టైటిల్, తేదీ లాంటి వివరాలు), ట్యాగ్ పేజీలు, ఆర్‌ఎస్‌ఎస్ దీని పని కాదు, వాటికి ఎలెవెంటీ లాంటి సైట్ జనరేటర్ చూసుకోండి. పైగా ఇది పగ్ 2 మీదే నడుస్తుంది, 2020లో వచ్చిన పగ్ 3 దీనికి అందదు. పగ్ 3 కావాలంటే లైబ్రరీని ప్రాజెక్ట్‌లో పెట్టి చిన్న నోడ్ స్క్రిప్ట్ రాసుకోవడం మేలు. అండర్‌స్కోర్ లేని ఫైళ్ల జాబితా తీసి, ఒక్కోదాన్నీ పగ్ లైబ్రరీలోని రెండర్‌ఫైల్ ఫంక్షన్‌కు డేటాతో సహా ఇచ్చి, వచ్చిన స్ట్రింగ్‌ను డిస్ట్‌లో రాయడం, ఇంతే పని, పదిహేను లైన్లు దాటదు. రాసే ముందు గమ్యం ఫోల్డర్‌ను రికర్సివ్‌గా సృష్టించడం మాత్రం మర్చిపోవద్దు, లోపలి ఫోల్డర్ లేకపోతే నోడ్ 'ఈనోఎంట్' ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.