ప్రాగ్‌లో ట్రడెల్నీక్ జోలికి పోకండి, తినాలంటే స్లొవేకియాలోని స్కాలిత్సా వెళ్లండి

చెక్ రాజధాని ప్రాగ్ ఓల్డ్ టౌన్‌లో ఏ సందులోకి తిరిగినా కాలిన పంచదార, దాల్చినచెక్క వాసనే. అది ట్రడెల్నీక్‌ది, అంటే పిండిని కర్రకి చుట్టి కాల్చి పంచదార అద్దే గొట్టం లాంటి మిఠాయి. ప్రతి కొట్టు మీదా "పాతకాలపు బొహీమియా (ప్రాగ్ ఉన్న ప్రాంతం) మిఠాయి" అని బోర్డు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ ఊరి అసలు రుచి చూపిద్దామని స్క్వేర్ పక్కన ఒక కొట్టు ముందు ఆగాం.

బోర్డు మీద పెద్ద అంకెల్లో 110 కొరూనాలు (చెక్ డబ్బు) అని ఉంది. అడిగితే ఉత్తవి అయిపోయాయి, ఐస్‌క్రీమ్ నింపినవే ఉన్నాయి, ఒక్కోటి 230 అంది అక్కడి అమ్మాయి. ఎదురుగా కర్రలకు చుట్టిన ఉత్తవి తిరుగుతూనే ఉన్నాయి! వెనక క్యూ పెరిగిపోతోంది, అమ్మ అప్పటికే నడవలేక గోడకి ఆనుకుంది, సరే మూడు ఇమ్మన్నాను. మొత్తం 690 కొరూనాలు, అంటే ఇరవై ఏడున్నర యూరోలకు కాస్త ఎక్కువ. కానీ కార్డు మెషీన్ నావైపు తిప్పకుండా యూరోల్లో కట్టే ఆప్షన్ తనే నొక్కేసింది, ఆ మెషీన్ రేటుకి 31.40 యూరోలు పోయాయి. చెక్ దేశంలో కార్డు గీకేటప్పుడు కొరూనాల్లోనే కడతామని గట్టిగా చెప్పండి, మెషీన్ మీ చేతికిచ్చేదాకా కార్డు ఇవ్వకండి.

పోనీ రుచి బాగుందా అంటే అదీ లేదు. పైన పంచదార మాడింది, లోపల పిండి పచ్చిగా సాగుతోంది, ఆ వేడికి ఐస్‌క్రీమ్ కరిగి నాన్న చొక్కా మీద కారింది. "ఇదేంటమ్మా, పిండి పిండిగానే ఉంది" అని సగం పడేశారు. అమ్మ సాయంత్రం దాకా ముభావంగానే ఉంది.

అసలు ఇది ప్రాగ్ మిఠాయే కాదు. ఆ నగరంలో ఇంత విరివిగా కనబడడం గత పాతికేళ్ల టూరిస్టు వ్యాపారం. దీని దగ్గరి చుట్టం ఇప్పటి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో హంగేరియన్లు చేసే క్యుర్తోష్‌కలాచ్, దాని తయారీ 1784 నాటి వంట రాతల్లోనే ఉంది. 18వ శతాబ్దం చివర్లో యోజెఫ్ గ్వాదానీ అనే రిటైరైన హంగేరీ జనరల్ స్కాలిత్సాలో స్థిరపడ్డాడు. ఆయన దగ్గర ట్రాన్సిల్వేనియా వంటవాడు ఉండేవాడని, అతని చేతి వంటే ఊళ్లో పాకిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. స్కాలిత్సా ఇప్పుడు స్లొవేకియాలో, చెక్ సరిహద్దుకి ఆనుకుని ఉంది. 2007లో "స్కాలిత్సా ట్రడెల్నీక్" పేరుకి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇది చెప్తే నాన్న, "మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో ఇచ్చినట్టన్నమాట" అన్నారు.

అందుకే ప్రాగ్ తర్వాత స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా వెళ్లాం. అక్కడి నుంచి కూటీ అనే ఊళ్లో రైలు మారి స్కాలిత్సా చేరాం. అబ్బ, ఎంత తేడా! పిండిని సన్నగా లాగి కర్రకి చుడతారు, గుడ్డు తెల్లసొన పూసి, తరిగిన వాల్‌నట్లు, బాదం దట్టంగా అద్ది, నిప్పుల మీద నిదానంగా తిప్పుతారు. వేడి మీదే పంచదార పొడి. ఐస్‌క్రీమ్, చాక్లెట్ ఊసే లేదు. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, పొరలు పొరలుగా ఊడి వచ్చింది. ఒకటి ఆరు యూరోలు, ముగ్గురికీ సరిపోయింది. మర్నాడు శనివారం, అమ్మ గుడ్డు ముట్టదు, అందుకని ఆ సాయంత్రమే ఇంకోటి తెప్పించుకుంది.

బస పెన్షన్ అనే ఇంటి తరహా చిన్న లాడ్జిలో, ముగ్గురికి 62 యూరోలు. ఇంటావిడకి ఇంగ్లిష్ రాదు, అయినా అమ్మ ఉప్మా ప్యాకెట్ చూపించగానే వేడినీళ్లు, గిన్నె, మూత తెచ్చిపెట్టింది. ప్రాగ్‌లో దీనికి రెట్టింపు కట్టిన హోటల్లో కెటిల్ అడిగితే "లేదు" అని ఒక్క ముక్క.

ప్రాగ్‌లోనే తీపి తినాలంటే టూరిస్టు వీధులు వదిలేసి మామూలు బేకరీలో కొలాచ్ అనే తీపి బన్ను అడగండి. గసగసాలవి, ప్లమ్ జామువి, త్వరోహ్ అనే, పనీర్ లాంటి విరిగిన పాల ముద్దవి ఉంటాయి, అవి నిజంగా చెక్‌వాళ్ల ఇళ్లలో చేసుకునేవి. మేం తిన్నది 35 కొరూనాలు. గసగసాలది ముందు తీసుకోండి, పొద్దున్నే వెళ్తేనే దొరుకుతుంది.