ఆటిజం జీన్ టెస్ట్: ల్యాబ్‌కి రెండున్నర స్టార్లు, రక్తం తీసిన అబ్బాయికి ఐదు

మావాడికి ఐదేళ్లు, మూడో ఏట ఆటిజం అన్నారు. రెండో బిడ్డ సంగతి ఏడాదిగా తేల్చుకోలేక చివరికి జెనెటిక్ టెస్ట్ చేయించాం. ల్యాబ్ పేరు రాయను, నాకు గొడవలు వద్దు.

శాంపిల్‌కి ఇంటికే వచ్చారు. మావాడు ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. వచ్చిన అబ్బాయి తొందరపడకుండా ఊదారంగు మూత ఉన్న ఖాళీ ట్యూబు వాడి చేతికిచ్చాడు. వాడు దాన్ని నేల మీద గిరగిరా తిప్పుకుంటున్నంతసేపూ పక్కనే కూర్చుని, మెల్లగా చెయ్యి అందుకుని ఒక్క పోటుతో పని కానిచ్చేశాడు. మా ఇద్దరి రక్తమూ తీసుకున్నాడు.

తిరకాసంతా అమ్మేటప్పుడే. ఫోన్లో అమ్మాయి "ఆటిజంకి సంబంధించి అన్నీ కవరవుతాయి మేడమ్" అంటే నమ్మి ముగ్గురికీ కలిపి 48 వేలు కట్టాం. అది ఎక్సోమ్ టెస్ట్, అంటే జన్యువుల్లో ప్రోటీన్ల తయారీకి పనికొచ్చే భాగాలన్నీ అక్షరం అక్షరం చదువుతారు. కానీ ఆటిజంకి కారణమయ్యే జన్యు సమస్యల్లో ఒకటైన ఫ్రజైల్ ఎక్స్ అందులో దొరకదు. ఎఫ్‌ఎంఆర్1 జన్యువులో సీజీజీ అనే మూడక్షరాలు 200 సార్లకి మించి వరసగా వస్తే వచ్చే సమస్య అది, ఆ సాగుడు మామూలు ఎక్సోమ్‌కి చిక్కదు, దానికి వేరే టెస్ట్ ఉంది. ఆటిజం పిల్లలకి మొదట అడిగే పరీక్షల్లో అదొకటని డబ్బు కట్టాక తెలిసింది. ఇక "అన్నీ" అంటే ఏమిటో ఆ అమ్మాయికే తెలియాలి.

ఆరు వారాలన్న రిపోర్ట్ పదో వారంలో, అదీ రాత్రి పదకొండింటికి, మెయిల్లో పడింది. నాలుగో పేజీలో ఒక జన్యువు పేరు, పక్కన వీయూఎస్. మార్పు కనిపించింది గానీ అది జబ్బుకి కారణమో కాదో ఇప్పటికి చెప్పలేం అని దానర్థం. ఇది చెప్పే మనిషి లేకుండా పీడీఎఫ్ పంపేయడమేంటండీ, తెల్లారేదాకా టెన్షన్‌తో ఫోన్లో వెతుకుతూనే ఉన్నా.

చివరికి మా డాక్టర్ పంపిన జెనెటిక్ కౌన్సెలర్ గారు గట్టెక్కించారు. మా ముగ్గురినీ కాగితం మీద గీసి చూపించారు. ఆ మార్పు మా ఆయనలోనూ ఉంది, ఆయనకి ఏ ఇబ్బందీ లేదు కాబట్టి అది కారణమయ్యే అవకాశం తక్కువట. వాడిది ఒక్కడిదే పంపి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు, అందుకే ముగ్గురిదీ చేయించుకోండి. అదే తల్లిదండ్రులిద్దరిలో లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు ఆటిజంతో సంబంధమున్న సీహెచ్‌డీ8, ఎస్‌సీఎన్2ఏ లాంటి జన్యువులో దొరికితే, తర్వాతి బిడ్డకి అదే మార్పు మళ్లీ వచ్చే అవకాశం ఏ 1 శాతమో ఉంటుందట. కారణం దొరకని మాలాంటి వాళ్లకి సగటున 20 శాతం దాకా. పోనీ ఒక అంకె అయినా చేతికొచ్చింది.

రెండేళ్లుగా మా అత్తగారు "మీ వైపు ఎవరికో ఉండుంటుంది" అంటూనే ఉన్నారు. దొరికిన ఒక్క మార్పూ వాళ్లబ్బాయి నుంచే వచ్చిందని చెప్పాను. బహుశా అది కారణం కాదనే మాట మాత్రం ఓ అరగంట ఆగి చెప్పాను.

థెరపీ మారుతుందని ఆశపడి చేయించుకుంటే నిరాశే, మాకు అదే స్పీచ్ థెరపీ, అదే ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ). టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 లాంటి జన్యువుల్లో జబ్బు తెచ్చే మార్పు బయటపడితే మాత్రం ఫిట్స్ మీద, కిడ్నీల మీద కన్నేసి ఉంచుతారు కాబట్టి అప్పుడు నిజంగా పనికొస్తుంది. కౌన్సెలర్‌ని టెస్ట్ తర్వాత కాదు, ముందే కలవండి. ఒకటి రెండేళ్ల తర్వాత పాత డేటాని మళ్లీ చూసి పెడతారా అని కూడా అడగండి, అప్పటికి ఆ వీయూఎస్ ఏదో ఒకటి తేలొచ్చు. మా ల్యాబ్ వాళ్లు ఫోన్లో ఫ్రీ అన్నారు, మెయిల్లో రాసి పంపమంటే ఇంకా ఉలుకూ పలుకూ లేదు.

ఫ్రజైల్ ఎక్స్ కోసం వచ్చే గురువారం మళ్లీ రక్తం ఇవ్వాలి. వేరే ల్యాబ్‌కి పోదామన్నారు మా ఆయన. ఆ ఊదా మూత అబ్బాయి కోసం వీళ్లనే రమ్మన్నాను.