జెఫర్సన్ ‘వెండి’ పతకానికి 900 డాలర్లు పోశాను, మీరు పోయకండి

న్యూజెర్సీలో ఉంటూ పాత నాణేలు, పతకాలు కొనే తెలుగువాళ్లందరికీ ఆయన తెలుసు. ఉగాది సంబరాల్లో పులిహోర బల్ల పక్కనే నల్ల మఖమల్ గుడ్డ పరిచి కూర్చుంటాడే, ఆయనే. పేరు రాయను. నాకు అంటగట్టింది ఏమిటో మాత్రం రాస్తాను, కోపం చల్లారేలోపే రాస్తాను. చల్లారితే సిగ్గు ఒక్కటే మిగులుతుంది, అప్పుడు చేయి ఆడదు.

నేను ఈ వ్యవహారంలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. 2007 నుంచి 2016 దాకా వేసిన అధ్యక్షుల డాలరు నాణేలను పాప కోసం కూర్చడంతో మొదలైంది. అక్కడి నుంచి అమెరికా టంకశాల వేసే అధ్యక్షుల కంచు పతకాల మీదికి మనసు పోయింది. లింకన్, కెనెడీ, ఇంకో నాలుగైదు. మూడంగుళాల పతకం, అరచేతి నిండా ఉంటుంది, వాడినవైతే ధర కూడా పెద్దగా ఉండదు. అంతటితో ఆగి ఉంటే ఈ రాతే అవసరం ఉండేది కాదు.

ఆయనే ఫోను చేశాడు. ‘తమ్ముడూ, జెఫర్సన్ శాంతి పతకం వచ్చింది. 1801. వెండి. బయట పెడితే పది నిమిషాలు నిలవదు, నీకోసమని పక్కన పెట్టాను.’

శాంతి పతకాలంటే అమెరికా ప్రభుత్వం అక్కడి ఆదివాసీ తెగల నాయకులకు ఇచ్చినవి. 1804లో అన్వేషకులు లూయిస్, క్లార్క్ పడమటికి బయలుదేరినప్పుడు వెంట తీసుకువెళ్లినవి ఈ జెఫర్సన్ పతకాలే. ఒకవైపు అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ ముఖం, రెండోవైపు కలుపుకున్న రెండు చేతులు, వాటిపైన అడ్డంగా పొగ తాగే గొట్టం, గొడ్డలి. 2004లో వచ్చిన అయిదు సెంట్ల నాణెం వెనక వేసింది ఈ బొమ్మనే. అలాంటిది నా చేతికి వస్తుందంటే నిద్ర పడుతుందా?

శనివారం వాళ్లింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. పతకం నా అరచేతిలో పెట్టి ‘బరువు చూశావా?’ అన్నాడు. చూశాను. ‘పైన ఈ కన్నం చూశావా? నాయకుడు దారం కట్టి మెడలో వేసుకున్న గుర్తు.’ చూశాను. కన్నం లోపలికి మాత్రం చూడలేదు, ఎందుకంటే నా కళ్లు అప్పటికే ఇంటికి వెళ్లిపోయి బీరువాలో చోటు వెతుకుతున్నాయి. ‘యాప్‌లో సరుకు కొన్నట్టు కాక స్నేహితులకు పంపినట్టు పంపు తమ్ముడూ, మధ్యలో వాళ్లకు కమీషను ఎందుకు’ అన్నాడు. అలాగే పంపాను. అలా పంపిన డబ్బుకు కొనుగోలుదారు రక్షణ, అంటే మోసపోతే డబ్బు తిరిగి వచ్చే వీలు, ఉండదని నాకు తెలియక కాదు, మన మనిషి కదా అని.

పతకం కొన్నానని ఫోనులో చెబితే మా ఆవిడ తన మెడలోకేమో అనుకుంది. ఆ మాటకు ఆ రోజు నవ్వాను.

మూడు వారాల తరవాత నాణేల ప్రదర్శనకు గొప్పగా పట్టుకెళ్లి ఒక ముసలాయన బల్ల మీద పెట్టాను. ఆయన తూకం కూడా వేయలేదు. అంచు మీద గోటితో ఒకసారి కొట్టి, భూతద్దం నా చేతికే ఇచ్చి, ‘కన్నం లోపల చూడండి’ అన్నాడు. లోపలి గోడ ఎర్రగా, కొత్త చెంబులా మెరుస్తోంది. పైన మాత్రం నఖం మందం కూడా లేని వెండి పూత. కంచు పతకానికి పూత పూసి, ఆ తరవాత బరమా పెట్టి కన్నం వేశారు. నాయకుడట, మెడలో దారమట!

అసలు సంగతి ఇది. జెఫర్సన్ నాటి వెండి పతకాలు డొల్లవి. ముందుకొకటి, వెనకకొకటి రెండు పలుచని వెండి రేకులు అచ్చుగుద్ది, చుట్టూ వెండి అంచుతో బిగించేవారు. నేను ఏ బరువును చూసి మురిసిపోయానో ఆ బరువే అది అసలుది కాదని చెబుతోంది. అసలు పతకం డొల్ల, నా పతకం గట్టిది, దాన్ని కొన్న బుర్ర మళ్లీ డొల్ల. ముసలాయన బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి అచ్చం అలాంటిదే, టంకశాల తరవాతి కాలంలో మళ్లీ కొట్టిన కంచుది చూపించాడు, పూత లేకుండా, కన్నం లేకుండా. 25 డాలర్లు.

కారులో కూర్చునే ఫోను చేశాను. ఈ మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

‘తమ్ముడూ, పతకం మీద 1801 అని ఉందా, లేదా?’

ఉంది.

‘నేను 1801 అన్నానా, 1801లో కొట్టారన్నానా?’

‘వెండి అన్నారు కదా అన్నగారూ.’

‘పైన ఉన్నది వెండి కాక ఇత్తడా? చదువుకున్నవాడివి, కొనేముందు చూసుకోవద్దా? ఇదిగో, నేను నీకు అన్నను కాను, వ్యాపారిని.’

వెనక కుక్కరు కూత వేస్తోంది. మూడో కూతకు పెట్టేశాడు. తరవాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆరు నెలలుగా తమ్ముడూ తమ్ముడూ అన్న నోరు డబ్బు ముట్టాక చుట్టరికం తెంచుకోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు. 900 డాలర్లు ఎలాగో మరిచిపోతాను, ఈ మాట మాత్రం పోవడం లేదు.

ఇక నన్ను నేను తిట్టుకోవలసింది కూడా ఉంది. అసలైన జెఫర్సన్ వెండి పతకం వేలంలో పదుల వేల డాలర్లు పలుకుతుంది. అది నాకు తెలుసు. తెలిసే, 900కి ఇస్తున్నాడంటే ఆయనకు దాని విలువ తెలియదనుకున్నాను. అంటే నేనే ఆయన్ను మోసం చేస్తున్నానని లోలోపల సంబరపడ్డాను. బాగా అయింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఈ పతకాల మీద ఉండే ఏడాది అధ్యక్షుడి పదవికి సంబంధించినది, పతకం కొట్టిన ఏడాది కాదు. జెఫర్సన్‌ది ఇరవయ్యో శతాబ్దంలో కొట్టినా 1801 అనే ఉంటుంది. 1973 నాటి చట్టం ప్రకారం నకళ్ల మీద ‘కాపీ’ అని ఉండాలి కదా, లేదు కనుక అసలుదే అని నాలా తెలివి ప్రదర్శించకండి. టంకశాల తానే మళ్లీ కొట్టినది నకలు కాదు, దాని మీద ఆ ముద్ర ఉండదు. కన్నం ఉంటే లోపలికి చూడండి. డబ్బు మాత్రం స్నేహితులకు పంపినట్టు ఎవరికీ పంపవద్దు.

అన్నట్టు, ఆయన జాబితాలో విలియం హెన్రీ హారిసన్ శాంతి పతకం కూడా ఉంది, 1841, ‘నాయకుడికి ఇచ్చిన అసలు పతకం’ అని. హారిసన్ పదవిలోకి వచ్చిన నెల రోజులకే పోయాడు, ఆయన పేరున శాంతి పతకం ఆనాడు వేయనే లేదు. ఉన్నవన్నీ తరవాతి కాలంలో వరసలో లోటు లేకుండా వేసినవే. నాకు 700కి ఇస్తానన్నాడు. ఈ ఉదయం చూశాను, 1,200 చేశాడు.