మేకల నుంచి మొక్కలకు వల ట్రీ గార్డులు: మూడేళ్లు వాడాక

అనంతపురం దగ్గర గుట్టను ఆనుకుని మాకు నాలుగెకరాల ఎర్రనేల బీడు ఉంది. బోరు లేదు, వానే ఆధారం. 2021 జులైలో ఆన్‌లైన్‌లో ఆకుపచ్చ ప్లాస్టిక్ వల ట్రీ గార్డులు నలభై తెప్పించాను. ఒక్కోటి 180 రూపాయలు, ఐదడుగుల ఎత్తు, వెదురు కర్రలు కూడా వాళ్లే ఇచ్చారు.

వల గట్టిదే. గొర్రెలు దాని జోలికే పోలేదు. మేకలు మాత్రం వెనక కాళ్ల మీద లేచి పైనుంచి చిగుళ్లు అందుకున్నాయి, అందుకే ఆరడుగులది తీసుకోండి. కర్రలకు ఏడాది తిరక్కుండానే చెదలు పట్టి ఆషాఢం గాలికి పన్నెండు పడిపోయాయి, సర్కారు తుమ్మ గుంజలు కొట్టి పాతుకోవాల్సి వచ్చింది. మూడో ఎండాకాలానికి వల పెళుసెక్కి చేత్తో పట్టుకుంటే విరిగింది. ఆ ముక్కలు ఓపిగ్గా ఏరేయండి, పశువుల కడుపులోకి పోతాయి.

ముప్పై గార్డులు నర్సరీ నుంచి తెచ్చిన వేప, చింత మొక్కలకు పెట్టాను. ఆ నవంబరులో కుండపోత, మరుసటేడు అక్టోబరులో అనంతపురం టౌనే నీళ్లలో మునిగేంత వాన. పంతొమ్మిది నిలబడ్డాయి. ఆ ధైర్యంతో 2023లో ఇంకో ఇరవై కొన్నాను, అదే గార్డు, అదే నర్సరీ, అదే లోతు గుంతలు. ఆ ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడిగా పోయింది. మిగిలినవి మూడు. ఒక్కదాన్నీ మేక ముట్టలేదు! మా జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్లు అంటారు గానీ, వానకూ వానకూ మధ్య నెల పైన ఎడం వస్తే జానెడు వేరున్న మొక్కకు ఆ సగటుతో ఏం పని?

నన్ను ఆశ్చర్యపరిచింది మిగతా పది. ఊరికే పడున్నాయి కదా అని గుట్ట అంచున వాటంతట అవే మొలిచిన నారేపి అనే అడవి చెట్టు పిలకల మీద పెట్టాను. మేకలు ఏటా కొరికేస్తుంటే గిడసబారి జానెడెత్తులో ఆగిపోయినవి, కానీ నేల లోపల వేరు ఏళ్ల తరబడి కిందికి దిగుతూనే ఉంటుంది. పదికి పదీ బతికాయి. 2023లో ఆకు రాల్చేసి మళ్లీ చిగురించాయి, రెండు నా తల దాటాయి.

అక్కడ మేకలు మేపే పెద్దాయనకు చూపిస్తే, "మంద ఆగిన చోటు కూడా చూడు సామీ" అన్నాడు. నల్లతుమ్మ మొలకలు గుంపులుగా ఉన్నాయి, మేకలు కాయలు తిని పెంటికలతో వేసిన విత్తనాలే. సర్కారు తుమ్మ కూడా అలాగే వస్తుంది, పైగా దాని ఆకు అవి తినవు, అందుకే మేత మరీ ఎక్కువైన చోట అదీ, తంగేడూ, సీతాఫలమే మిగులుతాయి. ఆయనతో మాట్లాడుకున్నాను: రెండు వానాకాలాలు గుట్ట అంచుకు మందను తోలడు, బదులుగా పంట కోశాక మా అన్న చేలో మంద కట్టుకుంటాడు.

ఐదుకు మూడు స్టార్లు. ఈసారి పదిహేను కొంటాను, అన్నీ నారేపికే. కర్రలు వద్దంటే ధర తగ్గిస్తారేమో అమ్మేవాళ్లను అడిగాను, ఇంకా జవాబు రాలేదు.