చేతి రంపమా, కరెంటు రంపమా? కొత్తగా వడ్రంగం నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

వడ్రంగి పని నేర్చుకుందామని అనుకోగానే అందరం ముందు పనిముట్ల వేటలో పడతాం. అక్కడే తికమక మొదలవుతుంది. ఒకవైపు రంపం, ఉలి, చిత్రిక (చెక్కను నున్నగా గీసేది), మూలమట్టం (మూలలు సరిచూసేది) లాంటి చేతి పనిముట్లు, ఇంకోవైపు డ్రిల్, సర్క్యులర్ సా (గుండ్రని బ్లేడుతో కోసేది), జిగ్ సా (వంపులు కోసేది), రౌటర్ (గాడులు, అంచులు చెక్కేది) లాంటి కరెంటువి. నేను మెషీన్లతో మొదలుపెట్టి, ఏడాది తిరిగాక వెనక్కి వచ్చి ఉలి పట్టుకున్నాను. అందుకే నా మాట ముందే చెప్పేస్తాను: చేతి పనిముట్లే ముందు, డ్రిల్ ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే ఉండనివ్వండి, మిగతా మెషీన్లు తర్వాత. ఇది అందరికీ సరిపోదు, ఎవరికి సరిపోదో కూడా చెప్తాను.

మెషీన్ల వైపు ఉన్న బలం కాదనలేనిది. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటును నిలువునా రెండుగా చీల్చాలంటే సర్క్యులర్ సాకి ఒకటి రెండు నిమిషాలు చాలు. అదే చేతి రంపంతో అయితే భుజం పడిపోతుంది, పైగా సగం దూరం వెళ్లేసరికి గీత ఒకవైపు, కోత ఒకవైపు. ప్లైవుడ్‌లో పొరల మధ్య ఉండే జిగురు వల్ల ఉలి, చిత్రిక పదును కూడా త్వరగా పోతుంది. కాబట్టి మీకు కావలసింది ప్లైవుడ్ అరలూ కప్‌బోర్డులూ అయితే, అవి కూడా ఈ నెలలోనే అయిపోవాలంటే, చేతి రంపంతో కుస్తీ పట్టొద్దు. మణికట్టు నొప్పో భుజం నొప్పో ఉన్నవాళ్లకూ అదే మాట. మెషీన్ వాడకం తెలిసిన మనిషి పక్కన నిలబడి చూపించగలిగితే మరీ మంచిది.

కానీ పని నేర్చుకోవడమే మీ ఉద్దేశం అయితే లెక్క మారిపోతుంది. కొత్తవాళ్ల పని పాడయ్యేది కోతలో కాదు, గీతలో. నేను చేసిన మొదటి స్టూలు నాలుగు కాళ్ల మీద ఎప్పుడూ నిలబడలేదు. టేపు పెట్టి, పెన్సిల్‌తో గీసి, సర్క్యులర్ సాతో కోశాను. కోతలు అద్దంలా వచ్చాయి. అయితే ఆ బ్లేడు దాదాపు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చెక్కను పొట్టు చేసేస్తుందన్న సంగతి నాకు పట్టలేదు. రెండు కాళ్లకు గీత అవతల కోశాను, ఒకదానికి గీత మీద, ఇంకోదానికి గీత ఇవతల. మెషీన్ తప్పేం లేదు, నేను గీసిన తప్పునే అది చకచకా, నున్నగా కోసి పెట్టింది. చేతి రంపం అయితే నాలుగు లాగులకే పక్కకు పోవడం కనిపిస్తుంది, ఆగి సరిచేసుకోవచ్చు. ఆ ఆగడంలోనే చదువు అంతా ఉంది.

గీత గురించి ఇంకొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది తెలిసిన రోజు నుంచి నా పని తీరే మారిపోయింది. పెన్సిల్ పక్కన పెట్టి పదునైన చాకు తీసుకోండి. మూలమట్టాన్ని చెక్క అంచుకు గట్టిగా ఆనించి, చాకుతో ముందు మెల్లగా ఒకసారి, తర్వాత కొంచెం ఒత్తి రెండు మూడు సార్లు గీయండి. చెక్క పైపోగులు తెగి సన్నని గాడి పడుతుంది. అప్పుడు గీతకు అవతల, అంటే పారేసే ముక్క వైపు నుంచి, ఉలిని ఏటవాలుగా పెట్టి చిన్న పేడు లేపేస్తే గాడికి ఒక గోడ తయారవుతుంది. రంపాన్ని ఆ గోడకు ఆనించి లాగితే పక్కకు జారదు, కోసిన అంచు పోగులు లేవకుండా శుభ్రంగా వస్తుంది. ఈ ఒక్క అలవాటు అబ్బాక, రేపు మీరు ఏ మెషీన్ పట్టుకున్నా గీత ఎక్కడుందో, బ్లేడు ఎటువైపు దిగాలో చెయ్యే చెప్తుంది.

రెండోది చెక్క స్వభావం. చిత్రిక పడుతున్నప్పుడు పోగు వాలు వెంట వెళ్తే కాగితంలాంటి పొర చుట్టలు చుట్టుకుంటూ పైకి వస్తుంది, చప్పుడు కూడా సుయ్యిమని ఒకే తీరుగా ఉంటుంది. అదే చెక్కను తిప్పి ఎదురు పట్టండి, టకటకమని తగులుతూ పోగులు పెళ్లగిల్లి లేస్తాయి. అది చేతికి తెలిసిన జ్ఞానం. చెక్కను ఇలా దగ్గర నుంచి చూడటం మొదలుపెట్టాకే ఇంకో సంగతి నాకు తలకెక్కింది: గాలిలో తేమ పెరిగితే చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. ప్లైవుడ్ కాకుండా అసలు చెక్కతో చేసిన బల్లపైభాగాన్ని చుట్టూ స్క్రూలతో బిగించేస్తే కొన్ని నెలలకు పగులు ఇచ్చేది ఇందుకే. జిగురు సంగతీ అంతే. పోగుల పొడవు వెంట అంటిస్తే అతుకు చెక్క కంటే గట్టిగా ఉంటుంది, కోసిన కొస మీద అంటిస్తే తేలిగ్గా ఊడొస్తుంది.

అయితే చేతి పనిముట్లు ఊరికే లొంగవు. వాటికి కట్టాల్సిన కప్పం పదును. కొన్న ఉలి చాలా వరకు పనికి సిద్ధంగా రాదు. సాధారణంగా దాని పదును వైపు 25 డిగ్రీల వాలు ఉంటుంది, కొసన కొంచెం మేర 30 డిగ్రీలకు నూరుకుంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. 1000 గ్రిట్ (రాయి ఎంత సన్ననిదో చెప్పే అంకె) సానరాయి మీద వాలు ఆనించి నూరుతూ, వెనకవైపు వేలితో అంచు బయటికి తడిమి చూడండి. సన్నని గరుకు తగిలిందంటే కొస దాకా నూరినట్టు. ఉలిని వెనక్కి తిప్పి చదునుగా రుద్ది ఆ గరుకును తీసేసి, ఇంకా సన్నరాయి మీదకి మార్చాలి. మెత్తటి పైన్ చెక్క కొసను అడ్డంగా కోసి చూడండి: నలగకుండా మెరుస్తూ తెగితే పదును వచ్చినట్టే. మొదటి రెండు వారాలు దీంతోనే సరిపోతుంది, చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు, వదలొద్దు. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెడితే జారుతుంది, జారితే చెయ్యి తెగుతుంది. ఉలి ముందు రెండో చెయ్యి ఎప్పుడూ ఉండకూడదు, చెక్కను క్లాంపుతో బిగించాకే పని.

ప్రమాదం విషయంలో రెండింటికీ పోలికే లేదు. చేతి రంపంతో తగిలే దెబ్బ చాలావరకు కుట్లతో పోతుంది. తిరిగే బ్లేడు చెక్కలో బిగుసుకుంటే మెషీన్ ఒక్కసారిగా మన మీదకి ఎగురుతుంది, టేబుల్ సా (బల్లలోంచి బ్లేడు పైకి వచ్చి ఉండే రంపం) అయితే చెక్కనే విసిరికొడుతుంది. చెవులకు రక్షణ లేకుండా నడపకూడదు. దుమ్ము ఇంకో టెన్షన్: చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది, కాబట్టి మంచి మాస్కు తప్పదు. గ్లౌజులు వేసుకుంటే మంచిదే కదా అనుకుంటారు చాలామంది. తిరిగే బ్లేడు దగ్గర అవి, వదులు చేతుల చొక్కా, మెడలో గొలుసు చెయ్యినే లోపలికి లాగేస్తాయి.

శబ్దం, చోటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి గదిలో చిత్రిక పట్టుకోవచ్చు, రౌటర్ నడపలేరు.

మొదట కొనేవి తక్కువే ఉండనివ్వండి: ఒక రంపం, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు రెండు, ఒక చిన్న చిత్రిక, మూలమట్టం, చాకు, రెండు సానరాళ్లు, నాలుగు క్లాంపులు, ఒక డ్రిల్. డ్రిల్‌ను ముందే తీసుకోమన్నది ఎందుకంటే అది నేర్పాల్సిన పాఠాన్ని మింగెయ్యదు, స్క్రూలు బిగించే చాకిరీ మాత్రం తగ్గిస్తుంది. రంపంలో లాగినప్పుడు కోసే జపాన్ రకం కొత్తవాళ్లకు తేలిక, రేకు పల్చగా ఉంటుంది కాబట్టి కోత సన్నగా వస్తుంది. కానీ పళ్లు మొద్దుబారితే చాలావాటికి ఇంట్లో పదును పెట్టలేం, బ్లేడే మార్చాలి. నెట్టి కోసే రంపానికి ఆకురాయితో మళ్లీ పళ్లు తీర్చుకోవచ్చు, చేతికి అలవాటు కావడానికి మాత్రం కొంచెం ఎక్కువ రోజులు పడుతుంది. నేను జపాన్ రంపమే తీసుకోమంటాను.

మొదటి వస్తువుగా పైన్ చెక్కతో మూతలేని పెట్టె చేయండి, స్టూలు వద్దు. స్టూలు కాళ్లకు కోణాలు ఉంటాయి, పెట్టెకు అన్నీ లంబకోణాలే. జిగురు పెట్టి బిగించాక పైనుంచి రెండు కర్ణాలూ కొలవండి, రెండూ ఒకటే వస్తే పెట్టె సరిగ్గా ఉంది. తేడా వస్తే జిగురు ఆరకముందే పొడవుగా ఉన్న కర్ణం వైపు క్లాంపు వేసి మెల్లగా నొక్కితే సర్దుకుంటుంది.

ఇలాంటివి మూడు నాలుగు చేసేసరికి చేతితో చేయడం ఏ పని మీకు నిజంగా భారంగా ఉందో తెలిసిపోతుంది, అప్పుడు ఆ ఒక్క పనికి మెషీన్ కొనండి. నాకు అది పొడవాటి పలకలు చీల్చడం, అందుకే సర్క్యులర్ సాకి మళ్లీ వచ్చాను. తెచ్చిన రోజు అసలు పనికి దిగొద్దు. ప్లగ్ తీసి ఉంచి, బ్లేడు చెక్క మందం కంటే కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే కిందికి దిగేలా లోతు సరిచేసుకుని, పనికిరాని పలకను కింద రెండువైపులా ఆనింపు ఇచ్చి బిగించి, దాని మీద చాకుతో పది గీతలు గీసి, అప్పుడు ప్లగ్ పెట్టి ఆ పదీ కోసి చూసుకోండి.